ఐదు దగ్గర బిగుసుకుపోయే ప్రోగ్రామ్: మ్యూటెక్స్ ముందా, సెమాఫోర్ ముందా?

అడిగింది

అందరికీ నమస్తే. వైజాగ్ మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను, సోమవారం ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్స్) ల్యాబ్ ఎక్స్‌టర్నల్, టెన్షన్‌తో చస్తున్నాను. ప్రొడ్యూసర్-కన్స్యూమర్ ప్రోగ్రామ్ (ఒక థ్రెడ్ బఫర్‌లో అంకెలు పెడుతుంది, ఇంకోటి తీస్తుంది, రెండూ ఒకేసారి నడుస్తాయి) సీలో పీథ్రెడ్స్ లైబ్రరీతో రాశాను. బఫర్ సైజు 5, మొత్తం 100 అంకెలు పంపాలి. రన్ చేస్తే ఒక్కోసారి "పెట్టాను 1" నుంచి "పెట్టాను 5" దాకా వచ్చి అక్కడే ఆగిపోతోంది, ఒక్కోసారి అసలు ఏమీ రాకుండా కర్సర్ మిణుకుమంటూ కూర్చుంటోంది. కన్స్యూమర్ మొదట్లో స్లీప్ పెడితే ప్రతిసారీ ఐదు దగ్గరే ఆగుతోంది, ప్రొడ్యూసర్ మొదట్లో పెడితే ఒక్కటీ రావట్లేదు. మా రూమ్మేట్ అయితే లాప్‌టాప్ పాతదైపోయింది, అందుకే అంటున్నాడు. ప్రొడ్యూసర్ ఇది:

మ్యూటెక్స్_లాక్(తాళం)
సెమ్_వెయిట్(ఖాళీ)
బఫర్‌లో పెట్టు
మ్యూటెక్స్_అన్‌లాక్(తాళం)
సెమ్_పోస్ట్(నిండు)

కన్స్యూమర్ కూడా ఇంతే, ఖాళీ ఉన్నచోట నిండు, నిండు ఉన్నచోట ఖాళీ. తాళం మ్యూటెక్స్, ఖాళీ, నిండు సెమాఫోర్లు. ఖాళీని 5తో, నిండుని 0తో మొదలుపెట్టాను.

జవాబు

తమ్ముడూ, లాప్‌టాప్‌ని ఏమీ అనకు, పాపం అది నువ్వు చెప్పిందే చేస్తోంది. పైగా ఆ స్లీప్‌లు పెట్టి చూడటంతో సగం పని నువ్వే చేసేశావు, దాన్ని చదువుకోలేదంతే.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో కూర్చుంటే దూరంగా ఓడలు లైట్లు వేసుకుని నిలబడి ఉంటాయి చూశావా? వాటిలో పోర్టులో బెర్త్ ఖాళీ అయ్యేదాకా లంగరు వేసుకుని ఎదురుచూసేవి ఉంటాయి. బెర్తులు ఎన్నో అన్ని ఓడలు లోపల, మిగతావి బయట. సెమాఫోర్ అంటే ఆ లెక్కే: ఎన్ని ఖాళీలున్నాయో గుర్తుపెట్టుకునే అంకె, వెయిట్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది, పోస్ట్ ఒకటి పెంచుతుంది, అది సున్నా అయితే వెయిట్ చేయడానికి వచ్చినవాడు బయట నిద్రపోవాలి. ఇక డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి లోపలికి పోయే ఛానెల్ ఇరుకు, అందులో ఒకసారికి ఒక్క ఓడే అనుకో. అది మ్యూటెక్స్.

నీ ప్రోగ్రామ్‌లో ఓడ ఏం చేస్తోందంటే, బెర్త్ ఉందో లేదో అడక్కుండానే ముందు ఛానెల్‌లోకి దూరి, అక్కడ అడ్డంగా నిలబడి, అప్పుడు "బెర్త్ ఉందా" అని అడుగుతోంది. లేదన్నారు. సరే ఎవరైనా బయటికి పోయేదాకా ఆగుతానంది. బయటికి పోవాల్సిన ఓడకి దారి ఇదొక్కటే, దాంట్లో ఇదే నిలబడి ఉంది! నిజం పోర్టులో ఇలాంటిది జరగనివ్వరనుకో, సీ కంపైలర్‌కి అలాంటి పట్టింపు ఏమీ లేదు.

ఇప్పుడు నీ లక్షణాలు చూద్దాం. ఐదు పెట్టాక ప్రొడ్యూసర్ ఆరోది పెట్టడానికి తాళం తీసుకున్నాడు, ఖాళీ సున్నా, తాళం చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. కన్స్యూమర్ వచ్చి అదే తాళం కోసం నిలబడ్డాడు, ఎప్పటికీ రాదు. అందుకే ఐదు. కన్స్యూమర్ ముందొస్తే తాళం వాడి చేతిలో పడుతుంది, నిండు సున్నా కాబట్టి వాడు నిద్ర, ప్రొడ్యూసర్ గుమ్మం దగ్గరే ఆగిపోతాడు, అందుకే ఒక్కటీ ప్రింట్ కాదు. రెండూ డెడ్‌లాకే, అంటే ఒకరికోసం ఒకరు ఆగి ఎప్పటికీ కదలకపోవడం.

రెండు ఫంక్షన్లలోనూ మొదటి రెండు లైన్లు తారుమారు చెయ్యి, ముందు సెమ్_వెయిట్, తర్వాత లాక్. చివర అన్‌లాక్, పోస్ట్ ఏది ముందైనా ప్రోగ్రామ్ ఆగదు, ఎందుకంటే పోస్ట్ ఎవర్నీ ఆపదు, నువ్వు రాసినట్టు ముందు అన్‌లాక్ చేయడమే మంచిది. తాళం చేతిలో ఉండగా నిద్రపోయే పని ఏదీ పెట్టుకోకు, నేను ఉద్యోగంలో చూసిన హ్యాంగ్‌లలో చాలావాటికి కారణం ఇదే.

ఇంకోసారి ఇలా ఆగితే ఊహించుకుంటూ రాత్రంతా కూర్చోకు, వేరే టెర్మినల్‌లో జీడీబీతో (తప్పులు వెతికే డీబగ్గర్) ఆగిపోయిన ఆ ప్రోగ్రామ్‌కి అటాచ్ అయి "థ్రెడ్ అప్లై ఆల్ బీటీ" కొట్టు. ఏ థ్రెడ్ ఏ లైన్లో పడుకుందో చూపిస్తుంది.

అడిగినతను

అన్నా 100 దాకా వచ్చింది!! పదిసార్లు రన్ చేశాను, అన్నిసార్లూ వచ్చింది. కానీ ఇప్పుడు ఇంకో డౌట్. మ్యూటెక్స్ లైన్లు మొత్తం తీసేసి చూశాను, అప్పుడూ కరెక్ట్‌గానే వస్తోంది. మరి అదెందుకు? వైవాలో బైనరీ సెమాఫోర్‌కీ (0, 1 మాత్రమే ఉండేది) మ్యూటెక్స్‌కీ తేడా కచ్చితంగా అడుగుతారని సీనియర్లు అంటున్నారు, నాకైతే రెండూ ఒకటే అనిపిస్తున్నాయి.

మరో జవాబు

బాబూ, నేను ఈ సబ్జెక్టు చెప్తాను కాబట్టి కొంచెం కల్పించుకుంటున్నాను. నీకు ప్రొడ్యూసర్ ఒక్కడే, కన్స్యూమర్ ఒక్కడే, పెట్టే ఇండెక్స్ (ఏ గడిలో పెట్టాలో చెప్పే అంకె) ఒకడిది, తీసే ఇండెక్స్ ఇంకొకడిది అయితే మ్యూటెక్స్ నిజంగానే అక్కర్లేదు, ఇద్దరూ ఒకే గడిలో చెయ్యి పెట్టకుండా సెమాఫోర్లే చూసుకుంటాయి. ఇద్దరు ప్రొడ్యూసర్లని పెట్టావంటే గడులు మూడు ఖాళీగా ఉన్నప్పుడు ఇద్దరినీ సెమాఫోర్ లోపలికి వదులుతుంది, ఇద్దరూ ఒకే ఇండెక్స్ చదివి ఒకే గడిలో రాస్తారు, ఒక అంకె మాయం. ఇద్దరూ కలిసి మార్చే కౌంట్ వేరియబుల్ ఉన్నా ఇదే గొడవ. ఒకటి కలపడం మనకి ఒక్క లైనే గానీ మిషన్‌కి సాధారణంగా మూడు పనులు: మెమరీ నుంచి తేవాలి, కలపాలి, తిరిగి రాయాలి. ఇద్దరూ 7 అని చదివి ఇద్దరూ 8 అని రాస్తే ఒక కలపడం గాల్లో కలిసిపోతుంది. ఆ వేరియబుల్ ముందు వోలటైల్ అని రాస్తే సరిపోతుందని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అంటారు, సరిపోదు.

పదిసార్లు వచ్చింది కదా అని కూడా నమ్మకు. జీసీసీ కంపైలర్‌లో -ఎఫ్‌శానిటైజ్=థ్రెడ్ అని పెట్టి కంపైల్ చేస్తే రన్‌లో ఎదురైన డేటా రేస్‌ని (తాళం లేకుండా ఇద్దరూ ఒకే వేరియబుల్‌ని ముట్టుకుంటే, కనీసం ఒకడు రాస్తుంటే వచ్చే గొడవ) లైన్ నంబర్‌తో సహా పట్టిస్తుంది, ఆ నంబర్లు కనబడటానికి పక్కన -జీ కూడా పెట్టు.

ఇక తేడా. మ్యూటెక్స్ హాస్టల్ బాత్రూమ్ లోపలి గడియ లాంటిది, వేసుకున్నవాడే తియ్యాలి. సెమాఫోర్‌కి ఆ పట్టింపు లేదు, ఒక థ్రెడ్ వెయిట్ చేస్తే ఇంకో థ్రెడ్ పోస్ట్ చేయొచ్చు. నీ ప్రోగ్రామ్‌లో నిండు అనేదాన్ని వెయిట్ చేసేది కన్స్యూమర్, పోస్ట్ చేసేది ప్రొడ్యూసర్, చూడు. ఒకడి తాళం ఇంకొకడు తీస్తే పోసిక్స్ (పీథ్రెడ్స్ పాటించే ప్రమాణం) మామూలు మ్యూటెక్స్‌లో ఏం జరుగుతుందో హామీ లేదు, ఎర్రర్‌చెక్ రకం అయితే తప్పని చెప్పి ఎర్రర్ ఇస్తుంది.

తాళం యజమాని ఎవరో తెలియడం వల్ల లాభం ఏమిటని అడిగితే నాసా పంపిన మార్స్ పాత్‌ఫైండర్ నౌక సంగతి చెప్పు. 1997 జులై 4న అంగారకుడి మీద దిగాక దాని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవుతూ వచ్చింది. వాతావరణ సమాచారం తీసుకునే చిన్న ప్రయారిటీ టాస్క్ తాళం పట్టుకుని ఉంది, పెద్ద ప్రయారిటీ టాస్క్ దానికోసం ఆగింది, మధ్య ప్రయారిటీవి వచ్చి చిన్నదాన్ని పని చేయనివ్వలేదు, పెద్దదాని పని గడువు దాటిపోవడంతో కంప్యూటర్ రీసెట్ అయింది. తాళం పట్టుకున్నవాడికి, దానికోసం ఆగినవాడి ప్రయారిటీ తాత్కాలికంగా ఇచ్చే సెట్టింగ్ అందులో ముందే ఉంది, ఆఫ్‌లో ఉంది. భూమి మీదనుంచి దాన్ని ఆన్ చేశారు. తాళం ఎవడి దగ్గరుందో తెలిస్తేనే కదా ఎవడి ప్రయారిటీ పెంచాలో తెలిసేది. సెమాఫోర్‌కి అది తెలియదు.

సెమాఫోర్ ఆలోచన 1960లలో డైక్‌స్ట్రాది, ఆయన పెట్టిన పేర్లు పీ, వీ. పుస్తకంలో అవి కనిపిస్తే కంగారుపడకు, వెయిట్, పోస్ట్ అంతే.

అడిగినతను

మేడమ్, అన్నా, చాలా థ్యాంక్స్. ఇద్దరు ప్రొడ్యూసర్లతో మ్యూటెక్స్ తీసేసి చూశాను, చివర్లో లెక్కపెడితే నాలుగు అంకెలు లేవు. ఆఖరిగా ఒక్కటి: ఇదే కోడ్ మా ఫ్రెండ్ మ్యాక్‌లో రన్ చేస్తే ఎక్కడా ఆగకుండా ఇష్టం వచ్చినట్టు చెత్త ప్రింట్ చేస్తోంది. వాడిది కొత్త లాప్‌టాపే.

జవాబు

మ్యాక్‌లో సెమ్_ఇనిట్ (సెమాఫోర్‌ని మొదలుపెట్టే ఫంక్షన్) పనిచేయదు తమ్ముడూ. కంపైల్ అవుతుంది, ఒక వార్నింగ్ వస్తుంది, మీరెవరూ చదవరు. రన్‌లో మైనస్ ఒకటి ఇస్తుంది, అదీ చెక్ చేయరు, ఆ పైన సెమ్_వెయిట్‌లన్నీ ఫెయిల్ అవుతూ ఎవర్నీ ఆపకుండా దాటిపోతాయి. సెమ్_ఓపెన్‌తో పేరున్న సెమాఫోర్ తెరవమను, పాతది మిగిలిపోకుండా ముందు సెమ్_అన్‌లింక్ కొట్టమను. సోమవారం ల్యాబ్‌లో ఉండేది లైనక్సే కదా, నువ్వు మాత్రం అవతల వేలు పెట్టకుండా పడుకో.