పెనల్టిమేట్‌లో ఈ ‘పెన్’ ఎక్కడిది?

నైట్‌షిఫ్ట్ నాని:
పరువు పోయిన కథ చెప్పి ప్రశ్న అడుగుతాను. మొన్న క్లయింట్‌కి పంపిన మెయిల్‌లో ‘ఇది మా పెనల్టిమేట్ వెర్షన్’ అని రాశాను. అల్టిమేట్ కన్నా ఒక మెట్టు పైన అని నా ఉద్దేశం. పెనుతుఫాను, పెనుభూతం ఉన్నాయిగా, అలా పెను అల్టిమేట్ అన్నమాట! అయిదు నిమిషాల్లో జవాబు: ‘మరి చివరి వెర్షన్ ఎప్పుడిస్తారు?’ మేనేజర్ చూసిన చూపు ఇంకా కళ్ల ముందే ఉంది. డిక్షనరీ తీస్తే ‘చివరిదానికి ముందుది’ అని ఉంది. అర్థం సరే, ఆ ‘పెన్’ ఏంటి? రాసే పెన్నుకీ దీనికీ చుట్టరికం ఏమైనా ఉందా?

రిటైర్డ్ సోషల్ టీచర్:
నాని గారూ, ‘పెను’ ఊహకి పది మార్కులు, జవాబుకి సున్నా. లాటిన్‌లో ‘పైనె’ అంటే ఇంచుమించు. ‘ఉల్తిముస్’ అంటే చివరిది. కలిపితే ‘ఇంచుమించు చివరిది’. రాసే పెన్ను వేరే ఇంటిది. అది ‘పెన్నా’ నుంచి వచ్చింది, అంటే ఈక. ఒకప్పుడు ఈకతోనే రాసేవారు కదా.

ఈ పైనె మీకు స్కూల్లోనే పరిచయం. పెనిన్సులా! ‘ఇన్సులా’ అంటే ద్వీపం. మూడు వైపులా నీళ్లు, ఒక వైపు మాత్రం నేలకి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఇంచుమించు ద్వీపం. మనం ద్వీపకల్పం అంటాం. పాతికేళ్లు బోర్డు మీద ఆ మాట రాశాను గానీ ‘కల్పం’ ఎందుకని ఒక్క పిల్లాడూ అడగలేదు, నేనూ ఆలోచించలేదు. చివరికి మా స్కూల్ సంస్కృతం మాస్టారు చెప్పారు: కల్ప అని చేరిస్తే ‘అంతటిదే గానీ కాస్త తక్కువ’ అని అర్థం, దానికి పాణిని సూత్రమే ఉంది. మృతకల్పుడంటే చచ్చినవాడు కాదు, చావుకి దగ్గరైనవాడు. చూశారా, ద్వీపకల్పం పెనిన్సులాకి ముక్కకి ముక్క సరిపోయింది.

ఇంకోటి. లాటిన్ మాటలో ఊనిక, అంటే పలికేటప్పుడు ఇచ్చే బలం, ఎక్కడ పడాలో తేల్చేది ఈ పెనల్టిమేట్ అక్షరమే. మూడక్షరాలూ ఆపై ఉన్న మాటల్లో అది గురువైతే ఊనిక దాని మీదే, లఘువైతే దాని ముందుదాని మీద. గురులఘువులు వచ్చినవాళ్లకి సగం పని అయిపోయినట్టే.

డాబా మీద చంద్రుడు:
పెనంబ్రా కూడా ఈ ఇంటిదే. గ్రహణంలో ముదురు నీడ చుట్టూ ఉండే పలచని నీడ అది. ‘ఉంబ్రా’ అంటే నీడ, అంబ్రెల్లా అక్కడి నుంచే వచ్చింది. ఇంచుమించు నీడ అన్నమాట. 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ పుట్టించిన మాట ఇది. 2020 జూన్ 5 రాత్రి పెనంబ్రల్ చంద్రగ్రహణం అని టీవీలో చూసి మా అమ్మ పెరుగు గిన్నెలో దర్భ వేసింది. నేను ఒంటిగంట దాకా మెడ నొప్పి పుట్టేలా చూశాను. చంద్రుడు కాస్త మాసిన పంచెలా కనిపించాడు, అంతే.

నైట్‌షిఫ్ట్ నాని:
మరి పెంట్‌హౌస్, మాస్టారూ? ‘ఇంచుమించు ఇల్లు’ అనేసుకోవచ్చా? మా ఓనర్ డాబా మీది రేకుల గదికి ఆ పేరు పెట్టి అద్దె లాగుతున్నాడు.

రిటైర్డ్ సోషల్ టీచర్:
మీ గదికి సరిపోయింది గానీ మాటకి సరిపోదు. అందులో మొదట హౌసే లేదు. లాటిన్‌లో ‘అప్పెండెరె’ అంటే వేలాడదీయడం, అపెండిక్స్ కూడా దాని పిల్లే. అది ఫ్రెంచిలో ‘అపెంటిస్’ అయి, గోడకి ఆనించి దించిన వసారా అనే అర్థంతో ఇంగ్లీషులోకి ‘పెంటిస్’గా వచ్చింది. తోక అర్థం కాక జనం దాన్ని హౌస్ చేసేశారు. మీరు పెనల్టిమేట్‌లో పెను చూశారే, అచ్చం అలాగే.

నైట్‌షిఫ్ట్ నాని:
అంటే నేనుంటున్నది వసారాలో. ఒకటో తారీఖున ఓనర్‌కి ఇదే చదివి వినిపిస్తా.