చోక్ తీస్తే ఆగిపోతున్న ఆర్‌ఎక్స్ 100

ప్రశ్న: మా నాన్నగారు 1992లో కొన్న యమహా ఆర్‌ఎక్స్ 100 రెండేళ్లుగా వసారాలో కదలకుండా ఉండిపోయింది. పోయిన నెల కొత్త పెట్రోలు పోసి, ప్లగ్గు మార్చి కిక్కు కొడితే నాలుగో కిక్కుకే స్టార్టయింది గానీ, చోక్ తీసిన మరుక్షణం ఆగిపోతోంది. చోక్ వేసి ఉంచి కాస్త దూరం నడిపితే, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలిన తర్వాత కూడా ఇంజిన్ రేస్ వెంటనే దిగడం లేదు. ఇక్కడి మెకానిక్ గారు కార్బొరేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) మీది గాలి స్క్రూను పలుమార్లు తిప్పి చూసి, మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క) పెద్దది వేయాలన్నారు. ఇంజిన్‌కు ఆయిల్‌ను విడిగా పంపే ఆయిల్ పంపు మీద నమ్మకం చాలక నేను పెట్రోలులోనే లీటరుకు 40 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కూడా కలుపుతున్నాను. జెట్ మార్చమంటారా?

సమాధానం: దయచేసి మెయిన్ జెట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. యాక్సిలరేటర్‌ను ముప్పాతిక వంతుకు మించి తిప్పినప్పుడే మెయిన్ జెట్‌ది పెత్తనం. మీ బండి ఆగిపోతున్నది ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, అక్కడ పని చేసేది పైలట్ జెట్, గాలి స్క్రూ. ఈ మికునీ కార్బొరేటర్‌లో చోక్ అంటే గాలిని మూసే పలక కాదు, అదనపు పెట్రోలు పంపే వేరే దారి. కాబట్టి చోక్ ఉంటేనే నడుస్తున్నదంటే, ఇంజిన్‌కు పెట్రోలైనా తక్కువ అందుతోంది, లేదా ఎక్కడి నుంచో లెక్కలో లేని గాలైనా లోపలికి చేరుతోంది. ఈ రెండింటిలో ఏదో తేలేవరకు నడపకపోవడమే మంచిది, ఎందుకంటే టూస్ట్రోక్ ఇంజిన్ ఇలా పెట్రోలు చాలక వేడెక్కితే పిస్టన్ పట్టేస్తుంది, బోరు (సిలిండర్ లోపలి గోడ) గీతలు పడుతుంది.

ముందుగా కార్బొరేటర్ దింపి కింది గిన్నె విప్పండి. నిలవ పెట్రోలు ఆవిరైపోయి అడుగున జిగురుగా, బెల్లంపాకం రంగులో పొర కట్టి ఉంటుంది. పైలట్ జెట్‌ను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, సూదిమొన కంటే చిన్నదైన వెలుగుచుక్క గుండ్రంగా కనిపించాలి. చుక్క కనిపించకపోయినా, అంచు ఒకవైపు మసకగా ఉన్నా అది మూసుకుపోయినట్లే. అందులోకి స్టీలు తీగ దూర్చవద్దు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున కంప్రెసర్ గాలితో ఊదించండి. జెట్ ఒక్కటే కాదు, కార్బొరేటర్ బాడీలో గాలి స్క్రూ నుంచి వెళ్లే సన్నని దారిని కూడా ఊదించాలి. చాలామంది మరచిపోయేది అక్కడే.

బిగించేటప్పుడు గాలి స్క్రూను నెమ్మదిగా చివరివరకు తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయండి. ఈ బండిలో స్క్రూ బిగిస్తే మిశ్రమంలో పెట్రోలు వంతు పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. చాలా ఫోర్‌స్ట్రోక్ బండ్లలో దీనికి తలకిందులుగా ఉంటుంది కనుక ఆ అలవాటుతో తిప్పినవారు పొరబడుతుంటారు.

ఆయిల్ సంగతి. పెట్రోలులో ఆయిల్ పెరిగిన మేరకు జెట్ గుండా వెళ్లే పెట్రోలు తగ్గుతుంది, అంటే మీరు జాగ్రత్త కోసం చేస్తున్నది ఈ లోపాన్ని కొంత పెంచుతోంది. అయితే పంపు సరిగా ఉందని తేలకముందే కలపడం మానవద్దు. పంపు నుంచి వచ్చే సన్నని గొట్టంలో బుడగలుంటే, పంపు మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి గాలి పోయేదాకా ఆయిల్ కారనివ్వండి. ఆయిల్ బుడగలు లేకుండా కదులుతున్నదని కళ్లారా చూసిన తర్వాత మానేయండి.

ప్రశ్న అడిగినవారు: మీరు చెప్పినట్లే జెట్ పూర్తిగా మూసుకుపోయి ఉంది. శుభ్రం చేశాక చోక్ లేకుండా నడుస్తోంది, పంపు కూడా బాగుంది. కానీ రేస్ మాత్రం ఇంకా ఆలస్యంగానే దిగుతోంది.

సమాధానం: అయితే రెండో లోపం కూడా ఉంది, అది గాలి లీకు. యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకోలేదని, దానితో కార్బొరేటర్‌లో పైకీ కిందికీ కదిలే స్లైడ్ పట్టడం లేదని ఒకసారి చూసుకుని, కార్బొరేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉన్న రబ్బరును వేళ్లతో వంచి చూడండి. ముప్పై ఏళ్ల రబ్బరు మడత దగ్గర సన్నగా పగులుతుంది. పగులు కనిపించకపోతే ఇంజిన్ చల్లగా ఉండగా అతుకుల చుట్టూ మందంగా గ్రీజు పూసి స్టార్ట్ చేయండి. రేస్ తీరు మారితే లీకు అక్కడే. వేడి సైలెన్సర్ పక్కన పెట్రోలు చల్లి పరీక్షించే పద్ధతి కొందరు చెబుతారు, దానికి నేను ఒప్పుకోను.

రబ్బరు బాగుంటే, ఎడమవైపు మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వెనుక, క్రాంక్ షాఫ్టు చుట్టూ రబ్బరు వలయంలా ఉండే క్రాంక్ ఆయిల్ సీల్‌ను అనుమానించాలి. ఏళ్ల తరబడి కదలని బండిలో దాని పెదవి ఎండి గట్టిపడుతుంది, అక్కడి నుంచి గాలి నేరుగా క్రాంక్ గదిలోకి వెళ్తుంది, ఏ జెట్టూ దాన్ని సరిచేయలేదు. మ్యాగ్నెట్‌ను పుల్లర్‌తోనే తీయించండి, సుత్తి తగలనివ్వవద్దు.

ప్రశ్న అడిగినవారు: రబ్బరు బాగానే ఉంది, సీల్ పెదవి గోటితో నొక్కితే పెళుసుగా విరిగింది. కొత్తది వేయించాక యాక్సిలరేటర్ వదలగానే రేస్ దిగుతోంది. ఇప్పుడు నీడిల్ క్లిప్పు (స్లైడ్‌కు వేలాడే సూది ఎత్తును నిలిపే క్లిప్పు) మార్చాలా?

సమాధానం: ముందు ఇంజిన్‌ను బాగా వేడెక్కనిచ్చి, గాలి స్క్రూను రేస్ ఎక్కువగా, నిలకడగా వినిపించే చోట ఆపి, ఐడ్లింగ్ స్క్రూతో నిమిషానికి దాదాపు 1,300 చుట్లకు దించండి. తర్వాత సగం యాక్సిలరేటర్‌తో పది కిలోమీటర్లు నడిపి ప్లగ్గు విప్పి చూడండి. టీ రంగులో ఉంటే ఏమీ ముట్టుకోవద్దు. తెల్లగా పాలిపోతే క్లిప్పును ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుస్తోంది, దానికి పెట్రోలు కంటే తక్కువ గాలి చాలు కనుక పాత జెట్లతో మిశ్రమం కొంత పలచబడుతుంది, అంటే గాలికి తగినంత ఇంధనం అందదు. ఆ ఒక్క గాడి చాలా బండ్లకు అవసరమవుతోంది. ఇకమీదట రెండు వారాలకు మించి నిలిపేటట్లయితే పెట్రోలు కాక్ మూసి, ఇంజిన్ తనంతట తాను ఆగేవరకు నడపండి.