పొడుగు మెడ డైనోసార్లు "మేసేవి" అనొచ్చా?

గ్రూపులో అందరికీ నమస్కారం అండీ. పిల్లల కోసం డైనోసార్ల మీద ఒక చిన్న పుస్తకం రాస్తున్నా, అందులో పొడుగు మెడవాటి తిండి దగ్గర క్రియ కుదరట్లేదు. "ఆకులు నమిలి తినేవి" అని రాద్దామంటే అవి అసలు నమిలేవే కావు, వాటికి మన దవడపళ్ళలాంటివి లేవు, తెంపింది తెంపినట్టు మింగడమే. "మేసేవి" అంటే నాకు తలొంచుకుని గడ్డి తినే గేదే కళ్ళ ముందుకొస్తుంది. "తృణభక్షకాలు" అని కొందరు రాస్తారు గానీ తృణం అంటే గడ్డి కదా, జురాసిక్ కాలంలో గడ్డే లేదు, ఫెర్నులు, ఈతచెట్టులా కనిపించే సైకాడ్లు, పైన్ లాంటి కోనిఫర్లు, గింకో చెట్లు ఉండేవి.

నాకు తోచిన మాట "దూయడం". అమెరికాలో దొరికిన డిప్లోడోకస్ అనే పొడుగు మెడ డైనోసార్ పళ్ళు పెన్సిళ్ళలా సన్నగా, నోటి ముందు భాగంలోనే వరసగా ఉంటాయి. కొమ్మని ఆ పళ్ళ మధ్య పట్టుకుని తల వెనక్కి లాగితే ఆకులన్నీ ఊడి నోట్లోకి వచ్చేసేవని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. మనం కరివేపాకు రెబ్బని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఒక్క లాగుతో దూసి పోపులో వేస్తాం చూడండి, సరిగ్గా అదే పని. అలా రాపిడి పడ్డ పళ్ళు ఇట్టే అరిగిపోయేవి, ఒక్కో పన్ను స్థానంలో దాదాపు 35 రోజులకి కొత్తది వచ్చేదని 2013లో లెక్క కట్టారు.

వ్యాఖ్య: మా కరీంనగర్ దిక్కు మునగాకు "దూసుడు" అంటం, మంచి మాట పట్టిన్రు అన్నా. కానీ నమలకుంటే అరిగేదెట్ల? కోడి లెక్క రాళ్ళు మింగేవి అని చిన్నప్పుడు చదివినం.

జవాబు: ఆ మాట చాలా పుస్తకాల్లో ఉంది తమ్ముడూ. 2007లో నిప్పుకోళ్ళ కడుపులో రాళ్ళతో పోల్చి చూశారు, డైనోసార్ల ఒంటి బరువు లెక్కన దొరికిన రాళ్ళు మరీ తక్కువ, తిరగలిలా పనిచేసేంత లేవు. అంత పెద్ద పొట్టలో ఆకు రోజుల తరబడి ఉండి సూక్ష్మజీవుల వల్ల పులిసి అరిగేదన్నమాట.

వ్యాఖ్య: తృణం మాట పూర్తిగా కొట్టేయకండి సార్. మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర పిస్దురాలో దొరికిన శిలాజ పేడలో గడ్డి తాలూకు సిలికా రేణువులు కనిపించాయని 2005లో ప్రచురించారు. అది టైటనోసార్లు అనే పొడుగు మెడ డైనోసార్లదే అయి ఉండొచ్చని వాళ్ళ అంచనా, అంటే జురాసిక్ తర్వాత వచ్చిన క్రెటేషియస్ చివరి కాలం. అందులో తాటి జాతి, కోనిఫర్ ఆనవాళ్ళూ ఉన్నాయి.

జవాబు: చాలా విలువైన సంగతి చెప్పారండీ, టైటనోసార్ల పేజీలో గడ్డి కూడా తిని ఉండొచ్చని తప్పకుండా రాస్తా. ఇక మన పొడుగు మెడ డైనోసార్ కోటాసారస్ ఉంది కదా, ఆదిలాబాద్ వైపు యామన్‌పల్లిలో దొరికి, 1988లో శాస్త్రవేత్త యాదగిరి గారు పేరు పెట్టి, ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబెట్టిన అస్థిపంజరం, దాని పళ్ళు చెంచా ఆకారంలో ఉంటాయి. వాటితో దూయడం కన్నా పటుక్కున కొరికి తెంపడమే వీలు. అందుకని డిప్లోడోకస్‌కి "దూసి మింగేది", కోటాసారస్‌కి "తెంపి మింగేది" అని విడివిడిగా రాస్తున్నా. ఈ "తెంపడం" దగ్గర ఇంకా పదునైన మాట మీ ఊళ్ళో ఉంటే చెప్పండి, అచ్చుకి పంపేలోపు మార్చేస్తా.