జపాన్‌లో మన ఆదివారం ఉగాది సభ: పనులు ఎవరెవరికి? (పేర్ల బదులు ఎవరుండే ఊరు వాళ్లది)

నిషికసాయి: మిగిలినవి బ్యానర్, మైకు, పచ్చడికి వేపపువ్వు, కరుతా (జపనీస్ పద్యాల ఆట) కార్డులు. ఎవరు ఏది చూస్తారో ఈ రాత్రిలోగా చెప్పండి.

కావసాకి: కార్డులు నా దగ్గరున్నాయి. పాత జపాన్ కవి తెయికా గురించి కాసేపు నేను మాట్లాడతాను.

నిషికసాయి: అన్నీ ఆపండి. హాలు వాళ్లు ఫోన్ చేశారు. తతామి గదిలో, అంటే నేల మీద చాపలు పరిచిన గదిలో, తిండి పెట్టనివ్వరట. వేరే గదులు ఖాళీ లేవు.

చిబా: పండగ పూట పచ్చడి కూడా పెట్టకుండా ఎలా అన్నా? పులిహోరకి, బూరెలకి సరుకులు కొనేశాం. కార్డుల ఆట ఈసారికి వదిలేసి, కుర్చీల హాలు ఏదైనా చూద్దాం.

కావసాకి: ప్రతిసారీ కోత పద్యాలకేనా? పిల్లలు ఇక్కడి స్కూల్లో నేర్చుకున్న పద్యాలమ్మా ఇవి. ఫుజివారా నో తెయికా 1235లో వియ్యంకుడి ఇంటి జారుడు తలుపుల కోసం, పాత కవుల పద్యాలు ఒక్కొక్కరిది ఒక్కోటి చొప్పున రాసిచ్చాడు. ఆయన డైరీ ‘మెయిగెత్సుకి’లోనే ఉంది. మన కార్డుల మీదున్న వందమంది కవుల వంద పద్యాల సంకలనం ‘హ్యకునిన్ ఇష్షు’కి మూలం అదే అంటారు. ఈ దేశంలో ఉంటూ, ఉగాది కవి సమ్మేళనంలో ఇక్కడి కవికి చోటివ్వలేమా?

చిబా: పద్యాలొద్దని ఎవరన్నారక్కా? తెల్లవారుజామునే లేచి వండేవాళ్లనీ చూడండి అంటున్నాను. టెన్షన్ మాకూ ఉంది.

యోకొహామా: ఒక్క మాట. పొద్దున గది పద్యాలకే ఉంచుదాం. మధ్యాహ్నం అరకవా నది ఒడ్డున భోజనాలు. సకురా (చెర్రీ పూలు) కూడా పూసింది.

నిషికసాయి: వంటవాళ్లకి ఇబ్బంది లేకపోతే నాకు సరే.

చిబా: మాకు ఇంకా నయం. రెండు గంటలు కలిసొస్తాయి.

కావసాకి: అయితే ఆట కూడా మారుద్దాం. పోటీ పద్ధతిలో ఇద్దరే ఎదురెదురుగా కూర్చుని యాభై కార్డులతో ఆడతారు. ‘చిరాషిదొరి’ అయితే వందా నేల మీద పరిచి, చుట్టూ అందరం కూర్చోవచ్చు. ఒకరు పద్యం మొదటినుంచి చదువుతుంటే మిగతావాళ్లు దాని కార్డు పట్టాలి. పట్టే కార్డు మీద చివరి రెండు పాదాలే ఉంటాయి. ‘ము’తో మొదలయ్యే పద్యం ఒక్కటే కాబట్టి, ఆ అక్షరం వినపడగానే పిల్లల చేతులు లేస్తాయి, చూడండి!

నిషికసాయి: మైకు అక్కర్లేదన్నమాట. మరి ఆ వందలో 97వది, తెయికా సొంత పద్యం ఎప్పుడు?

కావసాకి: చివర్లో. రాని మనిషి కోసం ఒక స్త్రీ ఎదురుచూస్తోంది. మత్సుహో తీరాన, సాయంత్రం గాలి ఆగిన వేళ ఉప్పు కోసం కాల్చే నాచులా తానూ కాలిపోతున్నానంటుంది. ఆడమనిషి గొంతుతో అంత నిబ్బరంగా రాశాడాయన. చిబా చెల్లీ, దీన్ని నువ్వు ఆటవెలదిలో చెప్పాలి.

చిబా: రాస్తాను అక్కా. నాచు నుంచి ఉప్పు ఎలా తీస్తారు?

కావసాకి: ఉప్పునీళ్లు పట్టించి, ఎండబెట్టి కాలుస్తారు. ఆ బూడిదని నీళ్లలో కలిపి, వడకట్టి మరిగిస్తారు.

యోకొహామా: బ్లూ షీట్లు, గిన్నెలకి ట్రాలీ నావి. ఒడ్డున పొద్దున్నే చోటు పట్టడానికి ఇద్దరు కావాలి.

నిషికసాయి: ఒకణ్ని నేను. ఇంకొకరు చెప్పండి.