ఉద్దానం: మూత్రంలో ప్రొటీన్ లేకపోతే కిడ్నీ బాగున్నట్టేనా?

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి వైపు ఒకే ఇంట్లో ఇద్దరికి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) ఎక్కువ. మూత్రంలో ప్రొటీన్ మాత్రం ‘ట్రేస్’ (లేశమాత్రం). కిడ్నీలో వాపు లేనట్టేనా? పిల్లలకు జన్యు పరీక్ష అవసరమా?

జవాబు 1: లేనట్టు కాదండీ. ప్రొటీన్ బాగా కారేది గ్లోమెరులస్ (కిడ్నీలో రక్తాన్ని వడపోసే జల్లెడ) దెబ్బతింటేనే. ఉద్దానం బయాప్సీల్లో (కిడ్నీ ముక్క తీసి చేసే పరీక్ష) ఎక్కువగా కనిపించేది కిడ్నీలోని సన్న గొట్టాల మధ్య కణజాలంలో వాపు, మచ్చ. అందులో ప్రొటీన్ సాధారణంగా రోజుకు 1 గ్రాము లోపే. మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్‌ని నమ్ముకోవద్దు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం అంచనా) 60 లోపు వస్తే 3 నెలలకు మళ్లీ చూడాలి.

జవాబు 2: జన్యు పరీక్ష సంగతికొస్తే, యూఎంఓడీ అనే జన్యువులో మార్పుంటే యూరోమోడ్యులిన్ అనే కిడ్నీ ప్రొటీన్ సరిగా మడతపడక గొట్టపు కణాల్లోనే పేరుకుపోతుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఆ మార్పుంటే ఒక్కో బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం. చిన్న వయసులోనే గౌట్ (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాపు) ఉంటే అనుమానించాలి. కానీ ఒకే నీళ్లు, ఒకే ఎండ, ఒకే పని ఉన్న ఇంట్లో ఇద్దరికి రాగానే వంశం మీదికి నెట్టేయడం తొందరపాటే.

జవాబు 3: ముందు ఒళ్లునొప్పులకి డైక్లోఫెనాక్ మింగడం ఆపించండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే ఒంట్లోని రసాయనాలు. ఆ బిళ్ల వాటినే అడ్డుకుంటుంది.