యుద్ధం ఆగిన దేశంలో ఎన్నికలు ఎవరు నడపాలి? యూఎన్నా, ఆ దేశమేనా?

కృష్ణలంక_కుర్రోడు:
నిన్న వేరే చర్చలో ఒకాయన "యూఎన్ ఎక్కడికెళ్లినా ఖర్చు తప్ప ఒరిగేదేం లేదు" అని రాశారు, అక్కడ టాపిక్ వేరు కాబట్టి ఇక్కడ విడిగా పెడుతున్నా. ఏళ్ల తరబడి ఒకర్నొకరు చంపుకున్న పార్టీల్లో ఒకడి చేతిలో ఎలక్షన్ కమిషన్ ఉంటే రెండోవాడు ఎందుకు నమ్మాలండీ? కంబోడియా చూడండి. 1991 అక్టోబర్‌లో పారిస్ ఒప్పందం అయింది, 1992లో అంటాక్ అనే యూఎన్ మిషన్ దిగింది, దాదాపు 22 వేల మంది. ఎన్నికల చట్టం వాళ్లే రాశారు, 47 లక్షల మంది ఓటర్లని వాళ్లే రిజిస్టర్ చేశారు, థాయ్‌లాండ్ బోర్డర్ క్యాంపుల నుంచి మూడున్నర లక్షల పైన శరణార్థుల్ని వెనక్కి తెచ్చారు, సొంతంగా రేడియో పెట్టి మీరు ఎవరికి వేశారో ఎవరికీ తెలీదు అని జనానికి పదేపదే చెప్పారు. ఖ్మేర్ రూజ్ (1970ల్లో ఆ దేశాన్ని ఏలిన కమ్యూనిస్టు గెరిల్లాలు) బాయ్‌కాట్ అని బెదిరించినా 1993 మేలో పోలింగ్ 90 శాతం దాకా వచ్చింది. పవర్లో ఉన్న ప్రధాని హున్ సేన్ పార్టీ ఓడిపోయింది! లోకల్ కమిషన్ నడిపితే ఇది జరిగేదా?

ఓరుగల్లు_శీను:
అన్నా, కథ సగంల ఆపినవ్. ఓడిపోయినంక ఏమైందో రాయలేదేం?

మొత్తం 120 సీట్లు. రాజకుటుంబపోడు రనరిద్ద్ పార్టీకి 58, హున్ సేన్ పార్టీకి 51. ఓడినోళ్లు ఒప్పుకోలే. తూర్పు దిక్కు రాష్ట్రాలు విడిపోతయని బెదిరింపు మొదలుపెట్టిన్రు, దానికి ముందల నిలబడ్డది ఎవరనుకున్నవ్, గెలిచిన రనరిద్ద్‌కు సవతి తమ్ముడే. ఆఖరికి రాజీ ఏంటిదంటే ఇద్దరు ప్రధానమంత్రులు! రనరిద్ద్ మొదటి ప్రధాని, హున్ సేన్ రెండో ప్రధాని. జనం పానం మీదికి తెచ్చుకొని లైన్ల నిలబడి ఓటేసింది దీనికా?

ఎందుకట్ల అయింది అంటే, ఒప్పందం ప్రకారం రక్షణ, విదేశాంగం, ఆర్థికం, పోలీసు, సమాచారం ఈ ఐదు శాఖలు యూఎన్ కంట్రోల్‌ల ఉండాలె. కాయితం మీద ఉన్నయి. ఊర్లల్ల పోలీసులు, ఆఫీసర్లు అంతా హున్ సేన్ మనుషులే, యూఎన్ ఆఫీసర్ వచ్చి ఫైల్ చూపియ్యమంటే చూపిస్తరు, అసలు ఆర్డర్ మాత్రం పార్టీ దగ్గర్నుంచి వస్తది. ఇంక అటు ఖ్మేర్ రూజ్ సంగతి చూడు. 1992 మే ఆఖర్ల మిషన్ పెద్ద అకాషి, సైన్యం కమాండర్ శాండర్సన్ ఇద్దరు ఖ్మేర్ రూజ్ అడ్డా పైలిన్ దిక్కు పోతుంటే రోడ్డుకడ్డం ఒక వెదురు బొంగు పెట్టి ఆపిన్రు. వీళ్లు మర్లి వచ్చిన్రు. ఆయుధాలు అప్పజెప్పుడు ప్రోగ్రాం ఆ ఏడాదే ఆగిపోయింది. అంటే ఎవరి తుపాకి వాళ్ల దగ్గర్నే ఉండంగ ఎలక్షన్ పెట్టిన్రు. కర్ర ఉన్నోనిదే బర్రె అయితది గని ఇంకేమైతది? 1997 జూలైల హున్ సేన్ ట్యాంకులు దింపి రనరిద్ద్‌ను ఎల్లగొట్టిండు, 2023 దాక కుర్చీ దిగలే, దిగినప్పుడు కొడుక్కే ఇచ్చిండు. దాదాపు 160 కోట్ల డాలర్లు పెట్టి నాలుగేండ్ల ముచ్చట.

సరదా_సుబ్బు:
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఎన్నికకి కూడా ఆ అకాషి గారిని పంపించండి, వెదురు బొంగులు మేమే పెట్టుకుంటాం 😀

విజయనగరం_టీచరమ్మ:
సుబ్బు గారూ నవ్వొచ్చింది కానీ విషయం చెప్పనివ్వండి.

నేను గవర్నమెంట్ టీచర్ని, ఎలక్షన్ డ్యూటీలు చాలానే చేశాను, ప్రిసైడింగ్ ఆఫీసరుగా కూడా. తెల్లారకముందే మాక్ పోల్, ఏజెంట్ల చేత సంతకాలు, సీళ్లు, చివర్లో లెక్క అప్పజెప్పేదాకా నిద్రుండదు. ఇంత తతంగం ఎందుకంటే రేపు ఓడినవాడు లెక్కల మీద పేచీ పెట్టకూడదని. పెట్టినా కోర్టుకెళ్తాడు, లేదా ఐదేళ్లు ఆగుతాడు. అదే ఓడినవాడికి అడవిలో సొంత సైన్యం ఉందనుకోండి, నా సీలు ఎంత గట్టిగా ఉంటే మాత్రం ఏం లాభం?

అంగోలాలో అదే అయింది. 1992 సెప్టెంబర్‌లో ఓటింగ్ బాగానే జరిగింది, యూఎన్ కూడా మొత్తమ్మీద సవ్యంగానే జరిగిందని చెప్పింది. ప్రెసిడెంట్ డోస్ శాంటోస్‌కి 49 శాతం పైన, తిరుగుబాటు నాయకుడు సవింబికి 40. ఎవరికీ సగం రాలేదు కాబట్టి రెండో రౌండ్ జరగాలి. సవింబి మోసం అన్నాడు, మళ్లీ యుద్ధం మొదలెట్టాడు, 2002లో ఆయన చచ్చిపోయేదాకా ఆగలేదు. పోలింగ్ నాటికి రెండు సైన్యాలూ పూర్తిగా విడిపోనేలేదు, అక్కడున్న యూఎన్ పరిశీలకులేమో కొన్ని వందల మందే.

దాన్ని చూసి భయపడే మొజాంబిక్‌లో పద్ధతి మార్చారు. 1993లో అనుకున్న ఎన్నికని ఏడాది వెనక్కి జరిపారు. ముందు సైనికుల్ని క్యాంపులకి రప్పించి ఇళ్లకి పంపించారు, తర్వాతే ఓటు. రెనామో అనే గెరిల్లా గుంపు రాజకీయ పార్టీగా మారడానికి ట్రస్ట్ ఫండ్ పెట్టి డబ్బులు కూడా ఇచ్చారు, దాన్ని లంచం అన్నవాళ్లు అన్నారు. 1994 అక్టోబర్‌లో తీరా పోలింగ్ మొదలయ్యే టైముకి రెనామో నాయకుడు బాయ్‌కాట్ అని అలిగాడు, ఒక్కరోజులో బుజ్జగించి తెచ్చారు, ఓటింగ్ ఒకరోజు పొడిగించారు. ఓడిపోయాడు, పార్లమెంటులో ప్రతిపక్షంగా కూర్చున్నాడు. తర్వాత చాలా ఏళ్లకి మళ్లీ గొడవలొచ్చాయి, అది నిజమే. అయినా అంగోలాకీ దీనికీ తేడా ఎక్కడుందో చూడండి, ఇదైనా అదైనా బూత్‌లో జరిగే పని ఒక్కటే కదా.

మంజీర_తీరం:
టీచర్ గారు చెప్పిందాంట్లో ఒక మాట కలుపుతా. అంత దూరం పోనక్కర్లేదు, పక్కనే నేపాల్ ఉంది. 2006లో శాంతి ఒప్పందం, 2008 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభ ఎన్నిక. నడిపింది నేపాల్ ఎన్నికల సంఘమే, యూఎన్ సలహాలిచ్చింది, ఆయుధాల మీద కన్నేసి ఉంచింది, అంతే. ఆ కన్నేయడం కూడా భలే ఉంటది. మావోయిస్టుల తుపాకులు కంటైనర్లలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి మావోయిస్టుల దగ్గరే, కానీ ఎవరైనా ముట్టుకుంటే సైరన్, కెమెరాలు, రాత్రింబవళ్లు యూఎన్ మనుషుల కాపలా. సైన్యం కూడా దానికి సరిపడా తుపాకులు అట్లాగే లోపల పెట్టాలి. ఎన్నిక రెండుసార్లు వాయిదా పడింది, అప్పుడు అందరూ తిట్టారు. చివరికి మావోయిస్టులు 575 సీట్లలో 220 గెలిచారు. 2013 నవంబర్‌లో మళ్లీ ఎన్నికైతే మూడో స్థానానికి పడిపోయారు, రిగ్గింగ్ అని కొన్నాళ్లు అరిచారు, తర్వాత సభకొచ్చారు. అడవికైతే పోలేదు. లోకల్ కమిషన్‌తోనే అయింది కదా మరి?

కృష్ణలంక_కుర్రోడు:
నేపాల్‌లో ముందునుంచీ ఎన్నికల సంఘం ఉంది, పార్లమెంటు ఎన్నికలు నడిపిన అలవాటుంది బ్రదర్. లేనిచోట ఏం చేస్తారు? ఆఫ్ఘనిస్తాన్ 2009 చూడండి. ఎన్నికల కమిషన్‌లో అందరూ ప్రెసిడెంట్ కర్జాయ్ వేసిన మనుషులే. దొంగ ఓట్ల ఫిర్యాదులు చూసే ఇంకో కమిషన్‌లో ఐదుగురిలో ముగ్గురు యూఎన్ పెట్టిన విదేశీయులు, వాళ్లు చూడబట్టే పది లక్షల పైన ఓట్లు తీసేశారు, కర్జాయ్ ఓట్లు 50 శాతం కిందకి పడి రెండో రౌండ్ పెట్టాల్సొచ్చింది. మర్నాటి ఏడాదే ఆ కమిషన్‌లో మెంబర్లని తానే వేస్తానని ఆయన డిక్రీ తెచ్చాడు. మీరు చెప్పే లోకల్ ఓనర్‌షిప్ అంటే ఇదేనా?

ఓరుగల్లు_శీను:
కర్జాయ్‌ను నేను ఎనకేసుకొస్తలేను. గని ఆ ముగ్గురు ఓట్లు తీసేసినంక ఏమైంది? రెండో రౌండ్‌కు ముందే పోటీదారు అబ్దుల్లా తప్పుకున్నడు, కర్జాయే ప్రెసిడెంట్. ఇండోనేషియా చేతిల ఉన్న తూర్పు తిమోర్ కూడ చూడు, 1999 ఆగస్టుల ఓటింగ్ పూరా యూఎన్‌దే, 78 శాతం పైన స్వాతంత్య్రం కావాలన్నరు, గని సెక్యూరిటీ మాత్రం ఇండోనేషియా పోలీసులకే ఇడిచిపెట్టిన్రు. రిజల్ట్ రాంగనే దాని రాజధాని దిలీ కాలిపోయింది. ఆస్ట్రేలియా సైన్యం దిగేదాక యూఎన్ చూసుకుంట కూసుంది.

విజయనగరం_టీచరమ్మ:
నమీబియా ఎవరూ ఎత్తలేదేమిటి? 1989 నవంబర్. ఎన్నిక నడిపింది దక్షిణాఫ్రికా అధికారులే, అంటే ఆ దేశాన్ని ఆక్రమించుకున్నవాళ్లే. యూఎన్ ప్రతి దశలోనూ పక్కనుండి చూసింది, అది సరే అంటేనే ముందుకెళ్లాలి. యూఎన్ సైన్యానికి కమాండర్ మనవాడే, జనరల్ ప్రేమ్ చంద్. పోలింగ్ 97 శాతం. స్వాతంత్య్రం కోసం పోరాడిన స్వాపో పార్టీకి 72 సీట్లలో 41 వచ్చాయి, మూడింట రెండొంతులు రాలేదు కాబట్టి రాజ్యాంగం కూడా అందర్నీ కలుపుకునే రాసుకోవాల్సొచ్చింది. కుర్రోడు గారి లెక్కలో అయితే ఇది యూఎన్ నడపలేదు కాబట్టి పాడవ్వాలి, శీను గారి లెక్కలో అయితే లోకల్ వాళ్లదీ కాదు. కానీ దక్షిణాఫ్రికా, అంగోలా, క్యూబా 1988 డిసెంబర్లోనే సంతకాలు పెట్టేసుకున్నాయి, దక్షిణాఫ్రికా ఎటూ వెళ్లిపోవాలని తేల్చుకున్నాకే బూత్‌లు తెరిచారు. మీ ఇద్దరూ ముందు దీనికి జవాబు చెప్పండి, రేపు నాకు స్కూల్లో పరీక్షలు, సాయంత్రం వచ్చి చదువుతా.