పరుగుకి పాట, పరుగయ్యాక పాట: టెంపో లెక్క ఎక్కడ తప్పుతోంది?

అడుగులలెక్క (ప్రశ్న)

ప్లాన్ ఇదీ: 10 నిమిషాలు వార్మప్, 20 నిమిషాలు నిమిషానికి 160 అడుగుల పరుగు, తర్వాత ఒక్కో నిమిషం చొప్పున 4 స్ప్రింట్లు, వాటి మధ్య 2 నిమిషాల నడక, చివర్లో పడుకుని 10 నిమిషాలు విశ్రాంతి. పరుగుకి 150 నుంచి 175 బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లో చెప్పే లెక్క, అంటే పాట టెంపో) పాటలు, విశ్రాంతికి 60 బీపీఎం వాద్య సంగీతం.

చిక్కులు మూడు. కొన్ని పాటలకి అడుగు కుదిరినట్టే కుదిరి జారిపోతోంది. స్ప్రింట్లలో ఎంత హుషారు పాట పెట్టినా ఆయాసం తగ్గినట్టుండదు. ఇక 60 బీపీఎం పాట పది నిమిషాలు విన్నా గుండె వేగం 90 కిందకి దిగదు. లోపం పాటల ఎంపికలోనా, వరసలోనా?

తిశ్రనడక

మొదటిది ఉత్త తీసివేత లెక్కండీ. అడుగులు 160, పాట 154 అనుకోండి. నిమిషానికి 6 బీట్ల తేడా, అంటే ప్రతి 10 సెకన్లకీ ఒక బీట్ జారుతుంది. 5వ సెకనులో పాదం సరిగ్గా రెండు బీట్ల నడుమ పడుతుంది, కాలు తడబడేది అక్కడే. 10వ సెకనుకి మళ్లీ అంతా కుదిరినట్టుంటుంది. అందుకే "కుదిరినట్టే కుదిరి" అనిపిస్తోంది.

ముందు మీ అసలు అడుగుల వేగం కొలవండి. ఒళ్లు వేడెక్కాక, పాట లేకుండా, కుడి పాదం నేలను తాకడం 30 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించండి. పాట బీపీఎం కూడా చేత్తో తట్టి చూసుకోండి. యాప్‌లు చూపించే అంకెని గుడ్డిగా నమ్మొద్దు, 80 పాటని 160 అనీ, 170 పాటని 85 అనీ రాయడం వాటికి మామూలే. నిజానికి 80 పాట మీ 160 అడుగులకి చక్కగా సరిపోతుంది, బీట్‌కి రెండడుగులు. తేడా 1 బీట్ అయితే కాలే సర్దుకుంటుంది. 154 పాట బాగా ఇష్టమైతే శ్రుతి మారకుండా వేగం 4 శాతం పెంచండి, 160 అవుతుంది. ఒక పాట తగ్గుతుండగానే రెండోది మొదలయ్యే క్రాస్‌ఫేడ్ మాత్రం ఆపేయండి. రెండు పాటల బీట్లు కలగలిసిన ఆ కొద్ది సెకన్లలో ఏ బీట్‌ని పట్టుకోవాలో కాలికి తెలియదు.

తిశ్రంలో, అంటే బీట్ మూడు భాగాలుగా విడిపోయే లయలో సాగే పాటలది వేరే గొడవ. బీట్‌కి మూడడుగులు వేస్తే బరువు ఒకసారి కుడికాలి మీద, మరోసారి ఎడమకాలి మీద పడుతుంది. కొందరికి అదే సరదా. అలవాటు లేనివాళ్లకి మాత్రం నడక చెడుతుంది.

ఇంత కచ్చితంగా కలపడం దేనికంటారా? 2012లో అచ్చయిన ఒక సైకిల్ అధ్యయనంలో, పాట పెడల్ కంటే కాస్త వెనకబడి సాగినప్పటితో పోలిస్తే, పెడల్ బీట్‌కి కలిసినప్పుడు ఆక్సిజన్ వాడకం సుమారు 7 శాతం తక్కువగా తేలింది. వేగం మాటిమాటికీ సరిదిద్దుకునే పని తప్పడం దానికి ఒక కారణం కావచ్చు.

ఊపిరిగడప

స్ప్రింట్ల సంగతి. మోస్తరు శ్రమలో పాట చెవిని పట్టుకుంటుంది, కాళ్ల నొప్పి మీంచి ధ్యాస మళ్లుతుంది. ఒక పూర్తి వాక్యం ఆగకుండా పలకలేనంత శ్రమకి చేరాక ఊపిరితిత్తులూ కండరాలూ పంపే కబురే గట్టిది, పాట వెనక్కి పోతుంది. కాబట్టి ఆయాసం తగ్గాలని చూడకండి. మీ హుషారు పాటని నడకలో చివరి 30 సెకన్లలో మొదలెట్టండి, అది మిమ్మల్ని స్ప్రింట్‌కి సిద్ధం చేస్తుంది. నడకలో మొదటి నిమిషంన్నర నెమ్మది పాటో, నిశ్శబ్దమో చాలు.

తిశ్రనడక గారి మాటకి ఒకటి కలుపుతాను. దృష్టి మళ్లించడం వేరు, బీట్‌కి అడుగు కలపడం వేరు, రెండోది గట్టి వేగంలోనూ పనిచేస్తుంది. 1998లో బర్మింగ్‌హామ్‌లో ఇథియోపియా పరుగువీరుడు హైలే గెబ్రెసెలాసీ ఇండోర్ 2000 మీటర్ల ప్రపంచ రికార్డు పెట్టింది స్టేడియంలో మోగే పాటకి అడుగు కలిపే.

ఇంకోటి, 175 బీపీఎం కోసం వెతుకులాట దండగ. మామూలుగా వినే పాటల్లో ఉత్సాహం 140, 145 దగ్గరే ఆగిపోతుంది, ఆపైన టెంపో పెంచినా పెద్దగా పెరగదు.

నెమ్మదిలయ

మూడోదానికి మూలం ఒక అపోహ. 60 బీపీఎం పాట గుండెని 60కి లాగదు. గుండె తాళానికి కొట్టుకునే వాద్యం కాదు. పాటని అనుసరించేది ఊపిరి, ఊపిరి ద్వారానే గుండె నెమ్మదిస్తుంది. స్ప్రింట్లయ్యాక ఒంట్లో వేడి, ఉద్రేక హార్మోన్లు ఇంకా దిగవు కాబట్టి 10వ నిమిషంలో 90 ఉండటం వింతేం కాదు.

మార్చాల్సింది వరస. స్ప్రింట్ అవగానే పడుకోకండి. కాళ్లలో రక్తం నిలిచి తల తిరగొచ్చు. 100, 110 పాటలతో 5 నిమిషాలు నడిచి, తర్వాత పడుకోండి. మొదటి 2 నిమిషాలు పాట పెట్టకండి. 2006లో ఇటలీలో లూచియానో బెర్నార్డి బృందం చేసిన ప్రయోగంలో, పాటల మధ్య వచ్చిన 2 నిమిషాల నిశ్శబ్దంలో గుండె వేగం, రక్తపోటు, శ్వాస పాట మొదలవక ముందుకంటే కూడా దిగాయి.

ఆ తర్వాత 60 బీపీఎం పాట. 4 బీట్లు లోపలికి, 6 బీట్లు బయటికి, అంటే 10 సెకన్లకో శ్వాస, నిమిషానికి 6. మొదటి రెండు నిమిషాలు 3, 4 బీట్లతో మొదలెట్టండి, లేకపోతే గాలి చాలనట్టు అనిపిస్తుంది. వేళ్లు జివ్వుమన్నా, తల తేలికైనా ఊపిరి మరీ లోతుగా తీస్తున్నట్టు. వేగం పెంచకుండా శ్వాసని చిన్నది చేయండి. మాటలున్న పాట వద్దు, మనసు మాటల వెంట పోయి బీట్ల లెక్క తప్పుతుంది.

తిశ్రనడక

ఊపిరిగడప గారూ, 140 దగ్గర ఆగిపోయేది ఇష్టం, హుషారు. అడుగు కలపడానికి ఆ హద్దు లేదు. అందుకే 140 దాటకుండానే బీట్‌కి రెండడుగులు కలిసే 80 పాటలే ముందు వెతకమంటున్నాను, రెండు పనులూ తీరతాయి.

వాల్యూమ్ గురించి ఎవరూ అనలేదు. వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు, 90 అయితే 4 గంటలే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. 3 డెసిబెల్స్ పెరిగితే వ్యవధి సగం. స్ప్రింట్‌లో ఊపిరి చప్పుడు పాటని మింగేస్తుంటే చెయ్యి వాల్యూమ్ మీదికి పోతుంది, నడకలో తిరిగి తగ్గించడం గుర్తుండదు. ఫోన్‌లోనే గరిష్ఠ హద్దు పెట్టేసుకోండి.